పాలు తగ్గిన ఆవులు, తోక నల్లబడిన బర్రె: తప్పు గడ్డిదా, కంకిదా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మహారాష్ట్ర నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో మంజీర ఒడ్డు ఊరు, రెండు జెర్సీ క్రాస్ ఆవులు, ఒక బర్రె, ఒక జత లాల్ కంధారి ఎద్దులు. దీపావళి దాటినప్పటి నుంచి ఆవులు పాలు తగ్గించాయి. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేవి లీటరున్నరకు దిగాయి. మధ్యాహ్నం నీడలో కట్టేసినా నాలుక బయటపెట్టి ఎగపోస్తున్నాయి. బర్రెకు తోక కొస నల్లబడి కట్టెలా బిగిసింది, వెనక కాలు ఒకటి కుంటుతోంది. పక్కింటాయన "నాము తగిలింది", అంటే జొన్న మేసి విషం ఎక్కింది అన్నాడు. మీ అబ్బాయి ఫోన్లో అమెరికా గడ్డిలోని బూజు విషం గురించి చదివి, లక్షణాలన్నీ అచ్చు ఇవేనని చెప్పి, మీరు వేసిన సూపర్ నేపియర్ మేతగడ్డి పీకేద్దామంటున్నాడు. పీకాలా వద్దా అని అడిగారు.

పీకకండి. అసలు విషయం మీరు చివర్లో, మాటవరసకు అన్నట్టు రాసిన రెండు వాక్యాల్లో ఉంది. ఈసారి హైబ్రిడ్ జొన్న కంకి వేసే వేళకు ముసురు పట్టింది, కంకులు నల్లబడ్డాయి, అమ్మితే ధర రాదని దంచి ఆవులకు పెడుతున్నారు. బర్రెకు మాత్రం నిజామాబాద్ దిక్కు నుంచి ట్రాక్టర్లో తెప్పించిన వరిగడ్డి వేస్తున్నారు. కిన్వట్, బిలోలి, దెగ్లూరు తాలూకాల్లో ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా తిరిగినవాడిగా నాకనిపించేది ఏమంటే, మీ కొట్టంలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. ఆవులది జొన్న కంకి నుంచి వచ్చింది. బర్రెది వరిగడ్డి నుంచి వచ్చింది. రెండూ బూజు పనులే కాబట్టి ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి.

మీ అబ్బాయి చదివింది అబద్ధమేమీ కాదు. టాల్ ఫెస్క్యూ అని చలి దేశాల గడ్డి ఒకటుంది. 1931లో అమెరికాలో కెంటకీ రాష్ట్రపు కొండవాలు పొలం ఒకదానిలో చలికాలంలో కూడా పచ్చగా నిలిచిన గడ్డిని చూసి ఒక వ్యవసాయ ప్రొఫెసర్ గింజ తెచ్చుకున్నాడు. 1943లో దాన్ని కెంటకీ 31 పేరుతో రైతులకు ఇచ్చారు. కరువుకు ఆగుతుంది, తొక్కుడుకు ఆగుతుంది, పురుగు పట్టదు. కోట్ల ఎకరాలకు పాకింది. పాకిన తర్వాత గానీ రైతులకు అర్థం కాలేదు, పొలం పచ్చగానే ఉంది గానీ పశువు బాగుపడటం లేదని. ఎండాకాలంలో రాలాల్సిన బొచ్చు రాలకుండా, రొప్పుతూ, పొద్దంతా నీళ్లగుంటల్లో నిలబడేవి. చలికాలంలో కొన్నింటికి తోక కొసలు, చెవి కొసలు ఎండిపోయి రాలేవి, గిట్టలు ఊడేవి. ఏళ్ల తరబడి కారణం దొరకలేదు. చివరికి 1977లో జార్జియాలో చార్లెస్ బేకన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఆ గడ్డి లోపల కణాల సందుల్లో ఒక బూజు కాపురం చేస్తోందని చూపించారు. ఆకు మీద మచ్చ ఉండదు, పొడి ఉండదు, గడ్డి నిగనిగలాడుతూ ఉంటుంది. బూజు గింజలోకి ఎక్కి, గింజతో పాటే తర్వాతి తరానికి పోతుంది. అది తయారుచేసే ఎర్గోవాలిన్ అనే ఆల్కలాయిడ్ పశువుకు విషం. అదే బూజు కట్టే వేరే ఆల్కలాయిడ్లు పురుగును దూరం పెడతాయి. అంటే గడ్డి కూడు పెడుతుంది, బూజు కాపలా కాస్తుంది. మధ్యలో నలిగేది మేసే గొడ్డు. న్యూజిలాండ్‌లో రైగ్రాస్ అనే గడ్డిలోనూ ఇలాంటి కాపురమే. అక్కడి విషం పేరు లోలిట్రెమ్ బి. దానితో గొర్రెలు తల ఊపుతూ, తూలుతూ, తరిమితే పడిపోతూ ఉంటాయి.

ఈ గడ్డి మన నాందేడ్ ఎండకు బతకదు, ఎవరూ మేతకు వేయరు. మీ నేపియర్‌లో ఈ కాపురం లేదు. నేపియర్‌కు దాని సొంత గొడవలు వేరే ఉన్నాయి. లేతగా కోస్తే ఆక్జలేట్, యూరియా ఎక్కువ కొట్టి వెంటనే కోస్తే నైట్రేట్. అవి మీ ఆవుల లక్షణాలు కావు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. ఈ మధ్య ఆన్‌లైన్‌లో "విదేశీ గడ్డి విత్తనం" అని లాన్ గింజలు అమ్ముతున్నారు, కొందరు కుర్రాళ్లు బోరు కింద మేతకు వేసి చూస్తున్నారు. లాన్ కోసం తయారుచేసిన ఫెస్క్యూ, రైగ్రాస్ రకాల్లో ఈ బూజును కావాలనే ఉంచుతారు, లాన్‌కు పురుగు పట్టకూడదు కదా. ఆ గింజ మొలిచినా మొలవకపోయినా పశువుల దొడ్డి దరిదాపులకు తేకండి.

ఇక మన సంగతి. ఫెస్క్యూలో ఉండే బూజుకు దగ్గరి చుట్టం ఒకటి మన జొన్నలో, సజ్జలో ఉంది. దాని పేరు క్లావిసెప్స్, అది తెచ్చే తెగులును ఇంగ్లీషులో ఎర్గాట్ అంటారు. అది ఆకులో దాక్కోదు. పువ్వు విచ్చుకున్నప్పుడు అండాశయంలోకి దిగి, గింజ కట్టాల్సిన చోట తాను కూర్చుంటుంది. నాలుగైదు రోజులు పోయాక కంకి నుంచి జిగురు చుక్కలు కారతాయి, తేనె కారినట్టు. తెలుగులో తేనెబంక తెగులు అంటాం, మా దిక్కు మరాఠీ మాటే నిలిచిపోయి అందరూ చిక్టా అంటారు. ఈ చుక్కల కోసం ఈగలు, చీమలు మూగుతాయి. అవి, వాన చినుకు, గాలి కలిసి పక్క కంకికి అంటిస్తాయి. కొంతకాలానికి బంక కారిన చోట గట్టి పిక్కలు మిగులుతాయి. జొన్నలో అయితే బూడిద తెలుపు నుంచి గోధుమ రంగు వరకు, కొంచెం వంగి, గింజ పొట్టులోంచి కొమ్ములా బయటికి పొడుచుకుని ఉంటాయి. సజ్జలో చిన్నవి, నల్లటివి. విషం ఎక్కువగా ఈ పిక్కల్లోనే ఉంటుంది.

ఇక్కడ మన రైతులు పొరపడే చోటు ఒకటుంది. చిక్టా అనే మాటను రెండింటికీ వాడతారు. యాసంగి జొన్నలో పేనుబంక పడితే ఆకుల మీద జిగురు మెరుస్తుంది, అది పేను విసర్జించిన తీపి నీరు. దాన్నీ చిక్టా అనే అంటారు. ఆ ఆకు తిన్న ఆవుకు పాలు పోవు. మనం భయపడాల్సింది కంకిలోంచి కారిన బంకకు. జిగురు ఆకు మీద ఉంటే పైన కంకి వైపు చూడండి. కంకి పొడిగా ఉంటే పేను. కంకే చెమర్చినట్టుంటే తేనెబంక.

మరి నల్లబడటం ఏమిటి? గింజ ముదిరే వేళ వాన పడితే గింజ మీద మామూలు బూజులు పెరిగి నల్లగా, గులాబీగా మారుతుంది. అది గింజ బూజు, తేనెబంక కాదు. అయితే కారిన తేనెబంక మీద కూడా వేరే నల్లబూజు మొలిచి ముద్దలు ముద్దలుగా తయారవుతుంది. అందుకని నలుపు చూసి ఏదీ తేల్చలేం. తెల్లటి గుడ్డ మీద రెండు మూడు కంకులు దులిపి, చేత్తో ఏరి చూడండి. గింజ ఆకారంలో లేకుండా, సన్నగా, వంగి, గోటితో నొక్కితే గట్టిగా తగిలేవి వస్తే అవే పిక్కలు.

మీ ఊళ్లో ఈసారి ఇది ఎందుకు వచ్చి ఉంటుందో కూడా చెప్పొచ్చు. వానాకాలం జొన్న పొలాల అమావాస్య అటూఇటూగా కంకి వేస్తుంది. పువ్వు విచ్చుకున్న రోజుల్లో పుప్పొడి వెంటనే పడితే బూజుకు చోటు దొరకదు. పువ్వు పుప్పొడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నదే దానికి సందు. ముసురు పడితే పుప్పొడి తడిసి ఎగరదు, మబ్బు వల్ల చల్లబడుతుంది, గాలిలో తేమ నిలుస్తుంది. మూడూ బూజుకు కలిసివస్తాయి. యాసంగిలో దారి వేరు. కంకి వేయడానికి మూడు నాలుగు వారాల ముందు రాత్రి చలి గట్టిగా పడితే పుప్పొడి సత్తువ పోతుంది, మంచు తేమ మిగిలిన పని చేస్తుంది.

ఇప్పుడు ఆవుల కథ. జొన్న పిక్కల్లో ఉండే ఆల్కలాయిడ్లు మెదడులో పుట్టే డోపమిన్ అనే పదార్థానికి తోడబుట్టినట్టుంటాయి. మెదడు కింద పిట్యుటరీ గ్రంథి ఉంటుంది. డోపమిన్ అక్కడ తాకితే ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను ఆగిపోతుంది. విషం కూడా అక్కడే వెళ్లి తాకుతుంది. ఇందులో వింతేమీ లేదు, మనుషుల్లో పాలు ఆపడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఈ ఎర్గాట్ సరుకు నుంచి తయారైనదే. కాన్పు తర్వాత రక్తం ఆగడానికి ఇచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్ సూది కూడా అదే ఇంటిది, రక్తనాళాలనూ గర్భసంచినీ బిగపడుతుంది. చిటికెడు మందు డాక్టరు చేతిలో ఉంటే ప్రాణం పోస్తుంది. అదే సరుకు గంపెడు, కొలత లేకుండా, రోజూ తొట్టిలో పడితే మీ ఆవుల్లా అవుతుంది.

ఆస్ట్రేలియాలో ఈ జొన్న తేనెబంక 1996లో క్వీన్స్‌లాండ్‌లో మొదటిసారి దిగింది. ఆ తర్వాత అక్కడి పందుల పాకల్లో ఈనిన పందులకు పాలు లేక పిల్లలు చచ్చాయి, పాడి ఆవులు మేత వదిలి పాలు తగ్గించాయి, కొట్టాల్లో బలుపు కోసం పెంచే ఎద్దులు ఎండలో ఒళ్లు కాగి రొప్పాయి. పందుల, పాడి ఆవుల సంగతి అక్కడి పశువైద్యులు 2000లో అచ్చువేశారు. జొన్న పిక్కల్లో ముఖ్యంగా ఉండేది డైహైడ్రోఎర్గోసిన్. పాలనూ ఒంటి వేడినీ దెబ్బతీస్తుంది, అయితే చెవులు, తోకలు కుళ్లబెట్టే గుణం దీనికి తక్కువ. మీ ఇంట్లో రెండు జబ్బులున్నాయని నేను అనడానికి ఒక కారణం ఇదే. రెండో కారణం, బర్రె జొన్న తినలేదని మీరే రాశారు.

సజ్జ పిక్కల్లో విషం ఇంకో రకం, అగ్రోక్లావిన్ లాంటివి. 1970ల్లో రాజస్థాన్‌లో తేనెబంక పట్టిన సజ్జ రొట్టెలు తిని మనుషులకు వాంతులు, తల తిరుగుడు, మగత వస్తే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు దాని గుట్టు తేల్చారు. వాళ్లెవరికీ వేళ్లు కుళ్లలేదు. యూరప్‌లో రై అనే ధాన్యం తిని కాళ్లూ చేతులూ నల్లబడి రాలిన పాత కథలు పుస్తకాల్లో ఉంటాయి, అది వేరే పిక్క, వేరే ఆల్కలాయిడ్. పేరు ఎర్గాట్ అని ఒకటే ఉన్నా లోపలి సరుకు పంటకో తీరుగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో లక్షణాలు చదివి పోల్చుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

నేనూ తప్పటడుగు వేసినవాణ్ణే. బిలోలి తాలూకాలో ఉన్నప్పుడు ఒక ఊళ్లో ఆరేడు ఇళ్లలో ఒకేసారి పాలు తగ్గాయి. పొదుగు వాపు అనుకున్నాను. నల్ల గుడ్డ మీద పిండి చూస్తే పాలు శుభ్రంగా ఉన్నాయి, తరకలు లేవు. పొదుగు మెత్తగా, చల్లగా ఉంది. అయినా కాల్షియం సీసాలు ఎక్కించాను, నులిపురుగుల మందు తాగించాను. నాలుగో రోజు ఒక ముసలమ్మ తొట్టి ముందు నిలబడి, "డాక్టర్ సాబ్, మొన్నటి నుంచి ఆవు ఈ దాణాలో మూతి పెట్టి ఫూ అని ఊది తల తిప్పుకుంటుంది. దానికి తెలిసింది నీకు తెలవదా?" అంది. తొట్టిలో చెయ్యి పెడితే బంక అంటిన కంకుల నూక. ఆ రోజు నుంచి ఏ కొట్టానికి పోయినా ముందు తొట్టి చూసి, తర్వాతే పశువు దగ్గరికి పోయేవాణ్ణి.

ఇంకో సంగతి. పాలు తగ్గగానే మా దిక్కు కొందరు ఆక్సిటోసిన్ సూది తెచ్చి పొడుస్తారు. ఆ సూది చేసేది చేపుకు రప్పించడం, అంటే పొదుగులో ఉన్న పాలను కిందికి దించడం. ఇక్కడ లోపల తయారీయే తగ్గింది. దూడ గుద్దినా, సూది పొడిచినా లేని పాలు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా అలా వాడటం చట్ట ప్రకారం నేరం. ఆ పని చేయకండి.

ఎద్దులు అదే ఇంట్లో బాగానే ఉన్నాయని మీరు ఆశ్చర్యపోయారు. వాటికి పాలు లేవు కాబట్టి తగ్గడానికేమీ లేదు. చొప్పే గానీ దంచిన కంకి వాటికి పెట్టలేదు. మూడోది, లాల్ కంధారి ఒళ్లు మన ఎండకు పుట్టింది. చెమట పట్టి వేడి దింపుకోవడంలో జెర్సీ క్రాస్ దాని కాలి గోటికి సరిపోదు. చర్మంలో రక్తనాళాలు బిగుసుకుంటే వేడి బయటికి పోయే దారి మూసుకుంటుంది. ఆ దెబ్బ ముందు తగిలేది క్రాస్ ఆవుకే.

నేను చెప్పింది ఖాయం చేసుకునే ముందు రెండు విషయాలు కొట్టిపారేయాలి. ఒకటి, నాము. పక్కింటాయన మాట సగం లోకజ్ఞానం. లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు మేస్తే సైనైడ్ విషం ఎక్కుతుంది, అదే నాము. అది నిమిషాల్లో, మహా అయితే గంటల్లో తేలిపోతుంది. ఆయాసం, వణుకు, పడిపోవడం, రక్తం చూస్తే చెర్రీ పండంత ఎరుపు. హైపో, నైట్రైట్ సూదులు రక్తంలోకి వెంటనే ఎక్కిస్తే లేచి నిలబడుతుంది, లేకపోతే లేదు. మూడు వారాలుగా నడుస్తున్న జబ్బు నాము కాదు.

రెండోది ఎక్కువమందికి తెలియదు. గాలికుంటు వచ్చి తగ్గిన పశువుల్లో కొన్ని, నెలలు పోయాక కూడా బొచ్చు పెరిగి, ఎండలో కుక్కలా రొప్పుతూ, పాలు తగ్గి ఉండిపోతాయి. చూడటానికి అచ్చం ఆ అమెరికా ఫెస్క్యూ ఆవే. మీ ఆవులకు గత ఏడాదిలో నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, చొంగ కారడం లాంటివి జరిగాయా? జరిగి ఉంటే నా అంచనా మార్చుకోవాల్సి ఉంటుంది. అయితే దీపావళి తర్వాత, రెండింటికీ ఒకేసారి, కొత్త దాణా మొదలైన పది పదిహేను రోజులకు మొదలైందంటే వేలు జొన్న వైపే చూపిస్తుంది.

బర్రె దగ్గరికి వద్దాం. అది ఎక్కువ తొందర ఉన్న పేషెంటు. చలి మొదలయ్యే రోజులు, వరిగడ్డి మేత, బర్రె, తోక కొసా గిట్ట పైభాగం నల్లబడటం. ఈ నాలుగూ కలిస్తే పాత పశువైద్యులు ఒక పేరు చెప్తారు, డెగ్‌నాలా. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ భాగంలో డెగ్ అనే వాగు ఉంది, ఆ వాగు పక్క బర్రెల్లో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. హర్యానా, బీహార్, బెంగాల్ దాకా వరి పండే చోట్ల చలికాలంలో కనిపిస్తుంది. ఆవుల కంటే బర్రెలకు ఎక్కువ. తడి ఆరకుండా వాము వేసిన వరిగడ్డిలో ఫ్యుజేరియం జాతి బూజులు పెరిగి చేసే పని ఇది. ఎర్గాట్ ఆల్కలాయిడ్ కాకపోయినా ఫలితం ఒకే తీరుది. కొసలకు రక్తం అందదు, చలి దానికి తోడవుతుంది, కొస చచ్చిపోతుంది.

మీరు కొన్న గడ్డి మిషన్ కోతదై ఉంటుంది. మనుషులు కోసే రోజుల్లో పనలు మూడు నాలుగు రోజులు ఎండాక వాము ఎక్కేవి. మిషన్ కోసిన గడ్డిని నేల తేమ మీదే చుట్టలు చుట్టి లారీ ఎక్కిస్తున్నారు. పైన పచ్చగా బాగుంటుంది. చుట్ట మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా, విదిలిస్తే తెల్లటి గానీ గులాబీ గానీ నల్లటి గానీ పొడి లేచినా ఆ చుట్ట బర్రెకు పనికిరాదు. విదిలించేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. పైపైన బాగున్నది ఏరి వేద్దామనిపిస్తుంది, డబ్బు పెట్టి కొన్నది కదా. బూజు కంటికి కనిపించే మేర కంటే లోపలికి పోయి ఉంటుంది. ముక్కినంత భాగం గొయ్యి తీసి పూడ్చండి.

తోక విషయంలో మన ఊళ్లలో ఒక చెడ్డ అలవాటుంది. నల్లబడిన చోటుకు పైన తాడు బిగించి కడతారు, విషం పైకి ఎక్కకుండా అని. పాము కాటు లెక్క అనుకుంటారు. ఉన్న కొంచెం రక్తం కూడా ఆగిపోయి ఇంకో జానెడు తోక పోతుంది. ఇప్పటికే కట్టి ఉంటే విప్పేయండి. చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య గీత స్పష్టంగా తేలేదాకా ఆగి, డాక్టరు మత్తు ఇచ్చి కోసేస్తారు. అంతదాకా గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఈగ వాలకుండా మందు రాయడం మీ పని. రాత్రి చలి తగలకుండా కింద ఎండుగడ్డి, గోనె పట్టాలు వేయండి. ఉత్తరాదిలో దీనికి ఐదు లవణాల మిశ్రమం, ఇనుము, రాగి, జింక్, కోబాల్ట్, మెగ్నీషియం సల్ఫేట్లు కలిపి తాగించే పద్ధతి ఉంది. కొలత పశువు బరువును బట్టి డాక్టరే రాయాలి, మైలుతుత్థం ఇంట్లో అంచనాగా కలిపితే అదే విషమవుతుంది. 1962కు ఫోన్ చేస్తే పశువుల వ్యాన్ వస్తుంది, ఇవాళే చేయండి. కుంటుతున్న కాలి గిట్ట పైన వెచ్చగా ఉందా చల్లగా ఉందా తడిమి చూసి వాళ్లకు చెప్పండి. చల్లగా, స్పర్శ లేకుండా ఉంటే ఆలస్యం చేసే సమయం లేదు.

ఆవులకు విరుగుడు మందు లేదు. మేత మార్చడమే మందు. ఆ దంచిన కంకి ఇవాళ సాయంత్రం నుంచే బంద్ చేయండి, "ఉన్నది అయిపోయేదాకా" అనకండి. మధ్యాహ్నం నీడ, చల్లటి నీళ్లు, వెన్ను మీద గంటకోసారి నీళ్లు చల్లడం. ఒంటి వేడి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. పాలు నెమ్మది. ఆవుల్లో ప్రొలాక్టిన్ అవసరం ఈనే వేళకు ఎక్కువ, మధ్య ఈతలో కొంత తక్కువ, అందుకే మీ ఆవులు పూర్తిగా వట్టిపోలేదు. రెండు మూడు వారాల్లో కొంత వెనక్కి వస్తాయి, మొత్తం వస్తాయని మాత్రం మాట ఇవ్వలేను. ఇంట్లో ఈనబోయే ఆవు గానీ బర్రె గానీ ఉంటే ఆ గింజ వాసన కూడా తగలనివ్వకండి. ఈనే ముందు నెలలో తింటే పొదుగే దిగదు, ఆ నష్టం ఈత మొత్తానికి.

మిగిలిన గింజ ఏం చేయాలంటారా? పది లీటర్ల నీళ్లలో కిలో ఉప్పు కరిగించి, గింజ పోసి కలిపితే పిక్కలు, తాలు పైకి తేలుతాయి, మంచి గింజ మునుగుతుంది. తేలింది తీసేసి, గింజను మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టాలి. విత్తనానికి ఇది చక్కటి పద్ధతి. దంచిన నూకకు పనికిరాదు, ఎందుకంటే పిక్క పొడి అయి కలిసిపోయింది. కిన్వట్ దిక్కు ఒక ఇంట్లో ఈ ఉప్పునీళ్ల పద్ధతి నేనే దగ్గరుండి చేయించాను. గింజ అద్దంలా వచ్చింది. మర్నాడు పోయి చూస్తే, పైకి తేలిందంతా దేవేసి కుడితి తొట్లో పోశారు, పారేయడం ఎందుకని! తేలినది కాల్చాలని నేను చెప్పలేదు, తప్పు నాది. ఎరువు కుప్ప మీదా వేయకండి, పిక్క మళ్లీ పొలానికే చేరుతుంది. ఆ ఉప్పునీళ్లు కూడా గొడ్లకు తాగించకండి.

ఎంత ఉంటే ప్రమాదం అని లెక్క కావాలంటే, యూరప్‌లో పశుదాణా గింజలో రై ఎర్గాట్ పిక్కలకు పెట్టిన హద్దు కిలోకు ఒక గ్రాము. మన దేశంలో మనుషులు తినే తిండిగింజల్లో ఎర్గాట్ పట్టిన గింజ 0.05 శాతం దాటకూడదు, అంటే కిలోకు అర గ్రాము. కిలో గింజ ఏరి, పిక్కలను కంసాలి త్రాసులో తూకం వేసి చూడండి. చేతిలో పడే చిటికెడు చూసి "ఇంతేనా" అనిపిస్తుంది, ఆ ఇంతే చాలు.

రుజువు కావాలంటే కంకులూ నూకా కలిపి ఒక కిలో, గడ్డి చుట్ట లోపలి నుంచి ఇంకో కిలో, విడివిడిగా కాగితపు సంచిలో గానీ గుడ్డ సంచిలో గానీ కట్టండి. ప్లాస్టిక్‌లో కడితే దారిలోనే కొత్త బూజు మొలుస్తుంది. మీకు ఉద్‌గీర్ పశువైద్య కళాశాల దగ్గర, పర్భణి కళాశాల కొంచెం దూరం. సంచితో పాటు ఏ రోజు మేత మొదలైంది, ఏ రోజు పాలు తగ్గాయి అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. సగం రోగ నిర్ధారణ ఆ తేదీల్లోనే ఉంటుంది.

గడ్డి గురించి భయం పూర్తిగా తీసేయమని అనను. వాగుల పక్కన, గట్ల మీద పెరిగే అరికె జాతి గడ్డి కంకులకు ఇంకో క్లావిసెప్స్ పడుతుంది, దాని పిక్కలు గుండ్రంగా బూడిద రంగులో ఉంటాయి. అవి మేసిన పశువు తల వణికిస్తూ, బెదిరిస్తే కాళ్లు మెలిపడి పడుతుంది. అక్కడి నుంచి తోలుకొచ్చి ప్రశాంతంగా కట్టేస్తే కొద్ది రోజుల్లో తేరుకుంటుంది. అది తూలుతున్నప్పుడు బావుల వైపు, వాగు వైపు పోకుండా చూసుకోవడమే అసలు పని, ఎక్కువగా చచ్చేది విషంతో కాదు, పడి. అరికె గింజకు మరో పేచీ కూడా ఉంది. ఆస్పర్జిల్లస్ బూజు పడితే సైక్లోపియాజోనిక్ ఆమ్లం పుడుతుంది. 2024 అక్టోబర్ చివర్లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయినప్పుడు బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ) పరీక్షలో దొరికింది ఇదే. అంత జంతువునే పడగొట్టిందంటే మన ఆవు ఎంత? గట్ల మీద గడ్డిని కంకి వేయకముందే కోసి వేస్తే ఈ గొడవే ఉండదు. క్లావిసెప్స్‌కు పువ్వు కావాలి, పువ్వు లేనిదే అది ఏమీ చేయలేదు.

వచ్చే ఏడాది జొన్న మేతకే వేసేట్టయితే సగం కంకులు పూతకు వచ్చిన దశలో కోసేయండి. అప్పటికి నాము భయం తగ్గి ఉంటుంది, తేనెబంక ఇంకా మొదలై ఉండదు. గింజ కోసమే అయితే ఈ పొలంలో వెంటనే మళ్లీ జొన్న వద్దు, కందో సోయానో వేయండి. ఎండాకాలంలో లోతు దుక్కి దున్నితే రాలిన పిక్కలు అడుగుకు పోయి మొలవలేవు.

ఈలోగా ఆవులకు ఏం వేయాలా అనే కదా. పీకుదామన్న ఆ సూపర్ నేపియర్ ఉంది. మనిషి ఎత్తు దాటినది కోసి, కుట్టి కొట్టించి, శుభ్రమైన ఎండు చొప్పతో కలిపి ఇవాళ సాయంత్రమే తొట్టిలో వేయండి. ఆ చొప్పకు కంకి మెడలు తగులుకుని ఉంటే మాత్రం ముందే కత్తిరించి పారేయండి.